ఆ కరివేపాకుకు మందు కొట్టకండి!

బాల్కనీలో ముచ్చటపడి పెంచుకుంటున్న కరివేపాకు మొక్క. పొద్దున్నే పోపులోకి నాలుగు రెబ్బలు తుంచుదామని వెళ్తే... ఆకులన్నీ కొరికేసి ఉన్నాయి! దగ్గరికెళ్లి చూస్తే, లేత ఆకు మీద పిట్ట రెట్టలాంటిదేదో కదులుతోంది. 'ఛీ' అనుకుని స్ప్రే బాటిల్ అందుకుంటాం. సాయంత్రానికి మాత్రం 'సిటీలో అసలు సీతాకోకచిలుకలే కనిపించట్లేదు' అని స్టేటస్ పెడతాం.

పొద్దున మనం మందు కొట్టింది వాటి పిల్లల మీదే మరి!

పువ్వు ఒక్కటే చాలదు

సీతాకోకచిలుక తేనె కోసం రకరకాల పూల మీద వాలుతుంది. గుడ్లు పెట్టే దగ్గర మాత్రం మహా పట్టింపు. ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూసి, పిల్లలు తినగలిగేదే అని తేలాకే గుడ్డు పెడుతుంది. ఎందుకంటే, పురుగుల్ని తరిమేందుకు మొక్కలు ఆకుల్లో రకరకాల రసాయనాలు దాచుకుంటాయి. వాటిని తట్టుకోవడం ఒక్కో జాతి కొన్ని మొక్కల దగ్గరే నేర్చుకుంది. అదీ ఏళ్లలో కాదు, వేల తరాల్లో. అందుకే అందం కోసం తెచ్చిన విదేశీ పూలమొక్కలు చాలావరకు వాటికి హోటళ్లే, పురిటిల్లు కావు.

ఎవరికి ఏ ఆకు?

కరివేపాకు, నిమ్మ: లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్‌ల పిల్లలకు ఇవే భోజనం. రెట్టలాంటి ఆ వేషం పిట్టల్ని బురిడీ కొట్టించడానికే. పెరిగాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ములాంటిది బయటికి చాచి ఘాటు వాసన వదులుతాయి.

జిల్లేడు: చారల గొంగళి పురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్‌ది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. విషం లేని డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది కూడా అచ్చం దీనిలాంటి రెక్కలతోనే తిరుగుతూ బతికిపోతుంది!

తంగేడు, రేల: బతుకమ్మలో పేర్చే తంగేడు, ఎండాకాలంలో పసుపు గుత్తులు వేలాడే రేల... రెండూ ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకల పుట్టిళ్లు.

మద్ది: ఇది దసలి పట్టు మాత్‌కి ఆధారం. రెక్కలొచ్చాక ఈ మాత్ అసలేమీ తినదు. జీవితానికి సరిపడా తిండి పురుగుగా ఉన్నప్పుడే తినేయాలి. మహదేవపూర్ దసలి చీర వెనక ఉన్నది ఆ ఆకే.

మనమేం చేయాలి?

పెద్ద పనేం కాదు. వీలైతే రెండు కరివేపాకు కుండీలు పెట్టండి. ఒకటి మీకు, ఒకటి వాటికి. గోడ పక్కన మొలిచిన జిల్లేడును పీకేయకండి. పురుగు కనిపిస్తే స్ప్రే కన్నా ముందు ఫోన్ తీసి రోజుకో ఫొటో కొట్టండి. గుడ్డు నుంచి రెక్కల దాకా దాదాపు నెలలో మొత్తం సిరీస్ మీ గ్యాలరీలో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మునగ చెట్టు మీద గుంపుగా ఉండే బొచ్చు పురుగుల్ని ముట్టుకోవద్దు, దురద పుడుతుంది. లేత నిమ్మతోట వేసిన రైతు కష్టం కూడా వేరు, అక్కడ పురుగును వదిలేస్తే నష్టమే. కానీ మన బాల్కనీలో పోయేదేముంది? పోపులో రెండు రెబ్బలు తగ్గుతాయి, అంతే!