ఒడ్డెక్కినా గండమే

నమీబియా ఎడారి ఇసుకలో ‘ఎడ్వర్డ్ బోలెన్’ అనే జర్మన్ ఓడ తుప్పుపట్టి పడి ఉంది. సముద్రం అక్కడికి దాదాపు అర కిలోమీటరు దూరం. 1909 సెప్టెంబరులో దట్టమైన పొగమంచులో దారి కానరాక తీరానికి తగిలింది. అప్పటి నుంచీ ఓడ అంగుళం కదల్లేదు. ఇసుక మేటవేసి, తీరమే పడమటికి జరిగింది.

ఈ తీరాన్ని అస్థిపంజరాల తీరం అంటారు. దక్షిణం నుంచి వచ్చే బెంగ్వేలా చల్లని ప్రవాహం మీద తేమ గాలి చల్లబడి మంచు తెరలా కమ్ముకుంటుంది. వాన మాత్రం ఏడాదికి పది మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఓడ పగిలినా ఈది బతకొచ్చు. ఆ తర్వాతే అసలు కష్టం. ముందు నమీబ్ ఎడారి, వెనక విరుచుకుపడే కెరటాలు. కెరటాలకు ఎదురుగా పడవను లోపలికి నెట్టడం ఎంత కష్టమో మన జాలర్లకు చెప్పక్కర్లేదు.

1942 నవంబరు 29 రాత్రి ఈ తీరం దగ్గరే ‘డునెడిన్ స్టార్’ అనే బ్రిటిష్ ఓడ అడుగు చీలింది. యుద్ధ సామగ్రితో పాటు 21 మంది ప్రయాణికులు, 85 మంది సిబ్బంది. మునిగిపోకుండా కెప్టెన్ దాన్ని తీరం వైపు నడిపి ఇసుకకు ఆనించాడు. మరపడవ మూడు విడతల్లో 63 మందిని ఒడ్డున దింపి, అలల దెబ్బకు పనికిరాకుండా పోయింది. వాళ్లలో ఆడవాళ్లు, చంటిపిల్లలు ఉన్నారు. చిత్రమేమిటంటే, పగిలిన ఓడలో మిగిలిన 43 మందినీ వేరే ఓడలు కొద్ది రోజుల్లోనే ఎక్కించుకున్నాయి. ఒడ్డున పడ్డవాళ్లే ఇరుక్కుపోయారు.

వాళ్ల సాయానికి వచ్చినవీ చాలావరకు వాళ్లలాగే చిక్కుకున్నాయి. ‘సర్ చార్లెస్ ఇలియట్’ అనే టగ్ తిరుగు ప్రయాణంలో తానే తీరానికి కొట్టుకుంది. అందులోని ఆంగస్ మకింటైర్, మథియాస్ కొరాసెబ్ ఒడ్డు చేరలేక చనిపోయారు. ట్యూబుల్లో నీళ్లు నింపి విమానంలోంచి వదిలితే చాలావరకు పగిలిపోయాయి. వాళ్లను అలా వదిలి వెళ్లడానికి పైలట్ నౌడేకి మనసొప్పలేదు. ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కించుకుందామని దిగాడు. చక్రాలు దిగబడ్డాయి. విండ్‌హోక్ నగరం నుంచి బయల్దేరిన లారీలు అడుగడుగునా కూరుకుపోతూ, తవ్వుకుంటూ వచ్చాయి. ఆఖరి బృందం విండ్‌హోక్ చేరేసరికి క్రిస్మస్ ముందురోజు. ఓడవాళ్లు 106 మందీ బతికారు. పోయిన ఇద్దరూ కాపాడటానికి వచ్చినవాళ్లే. నౌడే విమానాన్ని జనవరిలో తవ్వి తీస్తే, ఎగిరిన కాసేపటికే సముద్రంలో కూలింది. అందులోని ముగ్గురూ ప్రాణాలతో ఒడ్డెక్కి, నడక సాగించారు. ఇంత మొండితనం ఆ తీరానిదా, ఆ మనుషులదా?

మన వైపు వస్తూ ఇక్కడ ఆగిపోయిన ఓడలూ ఉన్నాయి. నమీబియా దక్షిణ కొసన, ఒరాన్యెముండ్ దగ్గర, 2008లో వజ్రాల గనివాళ్లకు ఒక పోర్చుగీసు ఓడ దొరికింది. 1533లో లిస్బన్ నుంచి ఇండియాకు బయల్దేరిన ‘బోమ్ జీసస్’ అదేనని పరిశోధకుల నమ్మకం. రెండు వేలకు పైగా బంగారు నాణేలు, వందకు పైగా ఏనుగు దంతాలు, టన్నుల కొద్దీ రాగి దిమ్మలు. ఆ కాలంలో పోర్చుగీసువాళ్లు మన మిరియాల కోసం రాగి మోసుకొచ్చేవారు. బంగారం కన్నా ఆ రాగే నాకు ఎక్కువ కథ చెబుతుంది.

అదే 2008 ఆగస్టులో ‘జైలా’ అనే చేపల ఓడ తుక్కు కింద ముంబైకి బయల్దేరింది. వాల్విస్ బే రేవు దాటగానే లాగుతున్న తాడు తెగింది. కొన్నది ఒక భారతీయ సంస్థ. సరుకు ఇప్పటికీ హెంటీస్ బే దగ్గరే ఉంది.