బుల్లెట్ క్లచ్: తప్పు తెర వెనుకే ఉంది!

1973లో ‘బాబీ’ విడుదలయ్యాక, అందులోని చిన్న రాజ్‌దూత్ బండికి ‘బాబీ’ అన్న పేరే స్థిరపడిపోయింది. 1975లో ‘షోలే’ చూసిన కుర్రకారంతా సైడ్‌కారున్న మోటార్ సైకిల్ మీద స్నేహితుడితో షికారు కొట్టాలని కలలు కన్నారు. తెరమీద హీరోగారు ఒక్క కిక్కు కొడితే చాలు, బండి రివ్వున దూసుకుపోతుంది. గేరు పడలేదని రోడ్డు పక్కన చతికిలబడ్డ హీరోను ఎప్పుడైనా చూశారా? ఆ సీను మన వాటాకే వస్తుంది!

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో మీ ఇల్లనుకోండి. ఇంట్లో నాన్నగారి పాత బుల్లెట్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక మన దేశంలో తయారవుతూ వచ్చిన పాత రకం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి! సంక్రాంతికి తమ్ముణ్ణి వెనకాల ఎక్కించుకుని సింగోటం జాతరకు బయలుదేరారు. జనం అడ్డం వచ్చారు. క్లచ్ పూర్తిగా పట్టుకున్నారు. అయినా బండి ముందుకు పాకుతోంది! ఎదురుగా చంకలో బిడ్డతో ఒక తల్లి... ఇది నవ్వుకునే సీను కాదు సుమా!

రోగం ఏది?

క్లచ్‌కు రెండు రకాల రోగాలుంటాయి. లివర్ పట్టుకున్నా బండి పాకడం, గేరు కరకరమనడం, న్యూట్రల్ దొరక్కపోవడం – ఇది క్లచ్ విడవని రోగం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గోల పెడుతున్నా బండి వేగం పెరగకపోవడం – ఇది క్లచ్ జారే రోగం.

విచిత్రమేమిటంటే, క్లచ్ వైరు సాగితే లివర్ వదులై మొదటి రోగం వస్తుంది. ప్లేట్లు అరిగితే లోపలి పుష్‌రాడ్ వెనక్కి జరిగి, ఉండవలసిన వదులు కాస్తా తగ్గిపోయి రెండో రోగం వస్తుంది. ఈ రెండూ కలిసి జరిగితే చేతికి లివర్ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు కథ మాత్రం లోపల వేరేగా నడుస్తుంటుంది!

మనవాళ్లేమో కనిపించే వైరునే బిగిస్తూ పోతారు. ఊళ్లో పాత మెకానిక్కును అడిగి చూడండి, “వైరు గుంజితే ఏమైతది పిల్లగా? ముందుగాల లోపల చూడు!” అంటాడు.

వైద్యం ఇలా

ఇంజను ఆపి, చల్లారనివ్వండి. ముందు వైరు సర్దుబాటును బాగా వదులు చేయండి. కుడివైపు గేరుబాక్సు మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న మూత ఉంటుంది. దాన్ని విప్పితే లోపల ఒక స్క్రూ, దానికో లాక్‌నట్టు కనిపిస్తాయి. నట్టు వదులు చేసి, స్క్రూను మెల్లగా లోపలికి తిప్పండి. పుష్‌రాడ్‌కు తగిలినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడ ఆగి, పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పండి. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి.

ఇప్పుడు వైరు వంతు. లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండేలా సర్దండి. బొత్తిగా వదులు లేకపోతే ప్లేట్లు జారి కాలిపోతాయి. మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు.

పొద్దున్నే స్టార్టు చేసేముందు క్లచ్ పట్టుకుని నాలుగు కిక్కులు ఉత్తినే తొక్కండి. నూనెకు అతుక్కున్న ప్లేట్లు విడిపోతాయి. ఇంత చేసినా జారుతోందా? ప్లేట్లు అరిగాయో, స్ప్రింగులు నీరసించాయో చూడాల్సిందే. వైరును మాత్రం ఇక హింసించకండి!

జాతరకు వెళ్లేముందు ఇంటి ముందే ఒక పరీక్ష. సెంటర్ స్టాండు వేయకుండా, మొదటి గేరులో క్లచ్ పట్టుకుని నిలబడండి. బండి కదలకుండా ఉందా? ఇక తమ్ముణ్ణి ఎక్కించుకోవచ్చు!

సినిమా ఆడకపోతే హీరోను తిడతాం. కథలో పొరపాటు ఎక్కడుందో చూడం. బండి సంగతీ అంతే. చేతిలో ఉన్న లివర్ హీరో అయితే, మూత వెనక దాగిన ఆ చిన్న స్క్రూయే డైరెక్టరు!