వెలిగొండ మీద మేత



హనుమంతునిపాడు పొలాల్లో నిలబడి పడమరకు చూస్తే వెలిగొండలు గోడ కట్టినట్లు కనిపిస్తాయి. వాటికి ఆవల కంభం లోయ, గిద్దలూరు దాటితే నల్లమల. మన గొర్రెలకూ మేకలకూ ఏటా కొన్ని నెలలు ఈ కొండ వాలులే ఆధారం. “కొండమీద గడ్డికేం, వాన పడితే అదే లేస్తుంది” అంటారు మనవాళ్ళు. ఆ మాట సగమే నిజం. వాన పడితే ఏదో ఒక గడ్డి లేస్తుంది. ఏ గడ్డి లేస్తుందన్నది మాత్రం మన మేపును బట్టి వుంటుంది.

ముందు నేల సంగతి చూద్దాం. ఈ కొండలు ఎక్కువగా క్వార్ట్‌జైటు అనే గట్టి రాతివి. లోయలు మెత్తని పలకరాతివి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ గట్టి రాతి వరుసకు బైరేనికొండ పేరు, పలకరాతి వరుసకు కంభం పేరు పెట్టుకున్నారు. మార్కాపురం పలకలు వచ్చేది ఈ మెత్తని రాతిలో నుంచే. గట్టి రాయి త్వరగా చివికి మట్టి కాదు. అందుచేత వాలుమీద చాలాచోట్ల జానెడు మట్టి కూడా వుండదు. ఆ కాస్త మట్టి వానకు కొట్టుకుపోయిందా, మన మనుమల కాలానికి కూడా తిరిగి రాదు.

ఇక వాన. నైరుతి గాలి సహ్యాద్రి దాటి వచ్చేసరికి దాని తడి చాలావరకు తీరిపోతుంది. ఈశాన్యపు వానలు సముద్రపుటొడ్డున దండిగా పడి, మన దగ్గరకు వచ్చేసరికి పలచబడతాయి. పాత ప్రకాశం జిల్లా మొత్తానికి సగటు వాన ఏడాదికి సుమారు 870 మిల్లీమీటర్లు. పడమటి మండలాలకు అంతకు తక్కువే. నల్లమల శిఖరాలు కొన్ని 900 మీటర్లు దాటుతాయి గనుక పైన వేడి నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. హిమాలయాలలో పచ్చికను ఆపేది మంచు. మన కొండలమీద ఆపేది ఎండ. తొలకరి నుంచి కార్తీకం దాకా వున్న అదనులోనే గడ్డి మొలవాలి, పూయాలి, గింజ రాల్చాలి.

చెట్టూ చేమా కూడా నేలనుబట్టే వున్నాయి. మట్టి లోతున్నచోట నల్లమద్ది, ఏగిస, చిరుమాను, వెదురు. రాతి వాలున అందుగు, ఎర్రచందనం. కొండ అడుగున రేగు, బలుసు, కలివి, చండ్ర, బందారు. మేక ఈ పొదలమీద బతుకుతుంది. గొర్రెకు మాత్రం గడ్డి కావాలి.

గడ్డిలో మూడు మెట్లున్నాయి. పై మెట్టు నెంద్ర గడ్డి. ఏళ్ళ తరబడి దుబ్బు చావదు, పశువు ఇష్టంగా తింటుంది. అందుకే ముందు తినబడేదీ అదే. అది గింజ రాల్చకముందే ఏటా మేపేస్తే దుబ్బు బలహీనపడి, ఆ చోటులోకి ముల్లుగడ్డి వస్తుంది. లేతగా వున్నప్పుడు ఇదీ మేతే. ముదిరితే ముల్లుగింజలు మెలితిరిగి గొర్రె చర్మంలో దిగుతాయి. ఇంకా మేపితే మిగిలేది చీపురుగడ్డి. దానితో ఇల్లు ఊడ్చుకోవచ్చుగాని మందను సాకలేము. మూడో మెట్టుకు దిగిన వాలుమీద బందారు, తంగేడు పెరుగుతాయి. కొండ పచ్చగానే కనిపిస్తుంది, మంద కడుపు మాత్రం నిండదు.

నష్టం మందతో ఆగదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, విజయనగర రాజుల నాటి కంభం చెరువును నింపుతున్నది. దుబ్బులున్న వాలుమీద వాన నిదానించి నేలలో ఇంకుతుంది. బోడి వాలుమీద మట్టిని వెంటబెట్టుకుని పరుగెత్తుతుంది. చెరువు పూడేదీ, బావులు త్వరగా ఎండేదీ అందువల్లనే.

మరి చేయవలసినదేమిటి? మీ మేపు నేలను నాలుగు చెక్కలుగా విభజించండి. ఏటా ఒక చెక్కలో తొలకరి నుంచి గింజ రాలేవరకు మందను దింపకండి. తరువాత అక్కడి ఎండుగడ్డి కోసుకోవచ్చు, మేపుకోవచ్చు. మిగిలిన మూడింటిలో బెత్తెడు దుబ్బు మిగలగానే మందను కదిలించండి. వేసవిలో కొత్త చిగురుకోసం నిప్పు పెట్టవద్దు. కాలిన చోట ముందుగా బలిసేది ముల్లుగడ్డే. బోడి చోట్ల స్టైలో విత్తనాన్ని వేడినీటిలో కొద్దిసేపు ముంచి, ఆరబెట్టి, తొలివానకు చల్లండి. అడవి హద్దు లోపలైతే అటవీశాఖవారి అనుమతి తప్పనిసరి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. కాపరులను వెంటబెట్టుకుని వాలుమీద వంద అడుగులు నడవండి. ప్రతి అడుగుకూ బొటనవేలి ముందు ఏమున్నదో లెక్కించండి: నెంద్రా, ముల్లుగడ్డా, చీపురుగడ్డా, వట్టి రాయా? ఆ నాలుగు లెక్కలూ వ్రాసి వుంచి, మరుసటి ఏడు అదే కార్తెలో, అదే దారిన మళ్ళీ నడవండి. కొండ ఎక్కుతున్నదో దిగుతున్నదో ఆ లెక్కే చెబుతుంది.

ఈ పని ఒక్క కాపరి వల్ల అయ్యేది కాదు. ఒకరు విడిచిన చెక్కలో మరొకరు మంద దింపితే అందరి శ్రమా వృథాయే. అందుచేత మృగశిర కార్తె రాకముందే ఊరంతా కూర్చుని, ఈ ఏడు ఏ చెక్కను వదలాలో నిర్ణయించుకోండి.