ఉమ్మేసిన ముద్ద

మొన్నటిదాకా బీరకాయ కూర మెత్తగా కలిపి పెడితే చప్పరిస్తూ తిన్న పిల్లాడు రెండో ఏడు దాటగానే నోరు బిగించేస్తాడు. పచ్చగా ఏది కనిపించినా తల తిప్పేస్తాడు. పప్పన్నంలోంచి కొత్తిమీర రెమ్మను రెండు వేళ్లతో ఏరి పక్కన పెడతాడు. విజయనగరం జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా తిరిగినన్నాళ్లూ తల్లుల నోట నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట, "ఏటీ తినడం నేదమ్మా". దాని వెనకే ఇంకో మాట వచ్చేది: "ఒట్టి మొండోడు". ఆ రెండో మాటను నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

చంకలో ఉన్నంతకాలం బిడ్డ నోట్లోకి పోయేది పెద్దవాళ్ల చేతి మీదుగానే పోతుంది. నడక వచ్చాక పెరట్లో ఏ ఆకైనా, ఏ కాయైనా చేతికి అందుతుంది. అందులో ఉమ్మెత్తకాయ ఉండొచ్చు, గన్నేరు ఆకు ఉండొచ్చు, ఆముదం గింజ ఉండొచ్చు. తెలియనిదాన్ని నోట పెట్టుకోనివ్వని జంకు ఆ వయసులోనే బలపడుతుంది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా అది గట్టిగా ఉండి, తర్వాత మెల్లగా సడలుతుందని పిల్లల తిండిని పరిశీలించినవాళ్లు చెబుతారు. కంచంలో కొత్త కూరను చూసి వెనక్కి జరిగే పిల్లాణ్ణి పెరట్లో గన్నేరు ఆకు జోలికి పోకుండా కాపాడుతున్నదీ ఆ జంకే. అది తిట్టి పోగొట్టేది కాదు.

కాకరకాయ సంగతి దీనికి ఇంకో మెట్టు పైన. తల్లిపాలు తియ్యగా ఉంటాయి కాబట్టి తీపి మీద ఇష్టంతోనే పుడతాం. చేదు మీద అయిష్టంతోనూ పుడతాం, ఎందుకంటే మొక్కల్లోని విషాలు చాలామటుకు చేదుగానే ఉంటాయి. తీపిని పట్టుకోవడానికి నాలుక మీద ప్రధానంగా ఒక్క రకం గ్రాహకం ఉంటే, చేదును పట్టుకోవడానికి సుమారు 25 రకాలున్నాయి. శరీరం ఏ రుచికి ఎంత కాపలా పెట్టుకుందో ఆ లెక్కే చెబుతుంది.

ఆ కాపలా అందరిలోనూ ఒకేలా ఉండదు. 1931లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడితో పనిచేస్తుండగా అది కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదైపోయిందన్నాడు. ఫాక్స్‌కి మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఎందరికో రుచి చూపించాక తేలింది ఏమిటంటే, ఆ పొడి కొందరికి భరించలేని చేదు, కొందరికి ఏమీ లేదు, అది వంశంలో దిగి వచ్చే గుణం. దానికి కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. క్యాబేజీ, ముల్లంగి లాంటి వాటిలోని చేదు ఎంత తెలుస్తుందనేది కూడా కొంత ఈ జన్యువు మీదే ఆధారపడి ఉంటుంది. ఒకే కుక్కర్‌లో ఉడికిన క్యాబేజీ కూర తండ్రికి కమ్మగా, కొడుక్కి చేదుగా ఉండొచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధనా కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం 2005లో ఇంకో సంగతి చూపించింది. ఈ జన్యువు ఒకేలా ఉన్నా, కొన్ని సందర్భాల్లో పెద్దవాళ్ల కంటే పిల్లలకే చేదు ఎక్కువగా తెలుస్తుంది. "మేం తినట్లేదూ?" అని పిల్లల్ని నిలదీసే పెద్దలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఎంత బాగుంటుందో.

మన వంటిళ్లకు ఇదంతా ముందే తెలుసనిపిస్తుంది. కాకరకాయ ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, కాసేపాగి గట్టిగా పిండి, ఆ రసం పారబోస్తాం. రసంతో పాటు కొంత చేదు బయటికి పోతుంది. ముక్కకు పట్టిన ఉప్పు ఇంకో పని కూడా చేస్తుంది. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదును అణుస్తుందని 1997లో మోనెల్ కేంద్రం వాళ్లే ప్రయోగం చేసి చూపించారు. ఆ తర్వాత చింతపండు పులుసు, బెల్లం, నువ్వులపొడి పడతాయి. పిల్లలకు మొదటిసారి కాకరకాయ పెట్టాల్సి వస్తే నేను ఉల్లికారం వేపుడు జోలికి పోనివ్వను. బెల్లం పెట్టిన పులుసులో మెత్తగా ఉడికిన ఒక్క ముక్క చాలంటాను. ఒక్కటే. తినకపోతే కంచంలో ఉండనివ్వాలి.

ఒక్క చోట మాత్రం పిల్లల నాలుకను పెద్దలు వెంటనే నమ్మాలి. సొరకాయ చేదుగా ఉండకూడదు. ఎప్పుడైనా ఒక కాయ చేదుగా వస్తే దానిలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు పెరిగాయని అర్థం. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. చేదు తగిలితే ఆ రసం పారబొయ్యాలని ఐసీఎంఆర్ నిపుణుల సంఘం కూడా చెప్పింది. సొరకాయ కూర నోట పెట్టగానే పిల్లాడు "చేదు" అని ఉమ్మేస్తే, కసిరే ముందు మీరు నాలుక చివర తగిలించి చూడండి. చేదైతే గిన్నె మొత్తం పారబొయ్యండి.

రుచి బాగానే ఉన్నా నోటికి తగిలే తీరు నచ్చక మానేసేవి ఇంకొన్ని. బెండకాయ జిగురు, చామదుంప జారుడు, ఉడికి గుజ్జైపోయిన వంకాయ. కంద, చేమ తిని గొంతు దురద పెట్టిందంటే అది కల్పన కాదు. వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చింతపండు వేసి బాగా ఉడికించడం అందుకే. బెండకాయను కడిగి, తడి పూర్తిగా తుడిచి, ఆ తర్వాత కోసి వేయిస్తే జిగురు ఊరదు. అంగన్‌వాడీ ఆయాలకు నేను నేర్పినవాటిలో ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదే.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు పొద్దున పూట రాగిజావ ఇవ్వడం మొదలైంది. మంచి నిర్ణయం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లో కూడా లేదు. సాలూరు, పార్వతీపురం వైపు కొండ ఊళ్లలో ఇంట్లో ఇప్పటికీ చోడి (రాగి) అంబలి కాచుకునేవాళ్ల పిల్లలు గ్లాసు ఖాళీ చేసి ఇంకా కావాలన్నారు. బజారు టిఫిన్లకు అలవాటుపడిన ఊళ్లలో అదే జావను ఒక గుక్క తాగి గోడవతల పారబోశారు. జావలో తేడా లేదు, ఇంట్లో అమ్మమ్మ గ్లాసులో దాన్ని ఇంతకుముందు చూశారా లేదా అన్నదే తేడా. చల్లారి గట్టిపడి, ఉండలు కట్టిన జావైతే పెద్దవాళ్లం మనమూ తాగలేం. ఉండల్లేకుండా కాచి, వేడి తగ్గకముందే పోసి, టీచరు కూడా పిల్లల మధ్య కూర్చుని తాగిన బడుల్లో కొద్ది వారాల్లోనే పారబోత తగ్గింది.

పెద్దల నిరాకరణను నేను దగ్గరగా చూసింది బియ్యం విషయంలో. అప్పట్లో సర్కారు బియ్యంలో 100 కిలోలకు ఒక కిలో చొప్పున బలవర్ధకమైన గింజలు కలిపేవారు. బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిన్ చేర్చి యంత్రంలో మళ్లీ గింజలుగా ఒత్తుతారు. కడిగేటప్పుడు కొన్ని నీటి మీద తేలతాయి, రంగులో కాస్త తేడాగా కనిపిస్తాయి. "ప్లాస్టిక్ బియ్యం" అన్న పుకారు పుట్టడానికి అంత చాలు. చేటలో పోసి ఆ గింజల్ని ఏరి కోళ్లకు వేసేవారు తల్లులు. వాళ్లను తప్పుపట్టలేను. తెలియనిదాన్ని బిడ్డ నోట పెట్టననడం తల్లి చేసే కాపలా. అందుకే ఉపన్యాసం మానేసి, ఆ గింజల్నే విడిగా ఏరి, వాళ్ల ముందే గిన్నెలో ఉడికించి, మెతుకు చిదిమి చూపించి, నేను తినేదాన్ని. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆ గింజలు కోళ్ల పాలు కావడం అందుకే నన్ను బాధపెట్టేది.

పెద్దవాళ్ల అయిష్టాల్లో చాలావాటికి ఒక రోజంటూ ఉంటుంది. మా ఆడపడుచు సేమ్యా పాయసం ముట్టదు. చిన్నప్పుడు ఒక పెళ్లిలో అది తిని బస్సెక్కితే ఘాట్ రోడ్డులో వాంతులయ్యాయి. తిప్పింది మలుపులే అయినా శరీరం పాయసం మీదే గుర్తు వేసుకుంది. అమెరికన్ శాస్త్రవేత్త జాన్ గార్సియా 1955లో ఎలుకలతో చూపించింది ఇదే. సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగుతున్న ఎలుకల మీద రేడియేషన్ ప్రసరింపజేస్తే, ఆ తర్వాత అవి ఆ నీళ్లను దూరం పెట్టాయి. తిన్నదానికీ కడుపులో తిప్పడానికీ ఒక్కసారి ముడి పడితే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వేవిళ్లప్పుడు పోపు వాసనకే లేచి పరుగెత్తే కోడలిది నాజూకుతనం అనడం అన్యాయం. తొలి నెలల్లో మాంసం, చేపలు, గుడ్ల వంటివాటి మీద పుట్టే వెగటు కడుపులో బిడ్డను కాపాడే ఏర్పాటు కావచ్చని కొందరు శాస్త్రవేత్తల వాదన. కోవిడ్ తర్వాత ఉల్లిపాయ, వెల్లుల్లి, కాఫీ కుళ్లు వాసన కొట్టి నెలల తరబడి చప్పిడి మెతుకులతో గడిపినవాళ్లూ ఉన్నారు.

మరి తినని బిడ్డను ఏం చెయ్యాలి? 1920ల చివర క్లారా డేవిస్ అనే అమెరికన్ వైద్యురాలు అప్పుడే పాలు మాన్పిన పసివాళ్ల ముందు పూటపూటకీ రకరకాల పదార్థాలు పెట్టించారు. మొత్తం జాబితాలో 34 ఉన్నాయి. నర్సు పక్కనే కూర్చోవాలి గానీ ఇది తిను అనకూడదు. బిడ్డ చెయ్యి చాపినదే చెంచాతో అందించాలి. 1939లో ఆమె వివరించినప్పటికి 15 మంది పిల్లలు అలా పెరిగారు. ఏ ఇద్దరూ ఒకేలా తినలేదు, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. రికెట్స్‌తో వచ్చిన ఒక బిడ్డ ముందు కాడ్‌లివర్ నూనె గ్లాసు పెడితే, జబ్బు నయమయ్యేదాకా తనంతట తానే తాగి తర్వాత మానేశాడు. అయితే ఆ 34 పదార్థాల్లో పంచదార లేదు, అంగట్లో తయారైనది ఏదీ లేదు. అసలు కిటుకు ఆ జాబితాలోనే ఉందని డేవిసే అన్నారు. ఏం వండాలో, ఏం కొనాలో పెద్దల చేతుల్లో ఉండాలి. ఎంత తినాలన్నది పిల్లల కడుపుకి వదిలెయ్యాలి. మన ఇళ్లలో ఇది తిరగబడింది. కుర్‌కురే ప్యాకెట్ కావాలని పిల్లాడు నిర్ణయిస్తాడు, అన్నం ఎన్ని ముద్దలో తల్లి నిర్ణయిస్తుంది.

"కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం అన్నిటికంటే చెడ్డ బేరం. లీయన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1984లో, ఒక పానీయం తాగినందుకు బహుమతి ఇస్తే పిల్లలకు ఆ పానీయం మీదే ఇష్టం తగ్గిందని చూపించారు. లంచం ఇచ్చి తినిపించేది మంచిది కాదని పిల్లలు ఇట్టే గ్రహిస్తారు. సెల్‌ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కితే ముద్ద లోపలికి పోతుంది గానీ రుచితో పరిచయం ఏర్పడదు. పరిచయానికి కావలసింది ఓపిక. ఒక కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లయినా రుచి చూడాల్సి రావచ్చు. మూడోసారికే "వీడికి తోటకూర పడదు" అని తేల్చేసే ఇళ్లే ఎక్కువ.

ఓపికతో తీరనివీ ఉన్నాయి. పిల్లాడు నాలుగైదు పదార్థాలకే పరిమితమైపోయినా, ఏడాదికేడాది ఆ జాబితా కుంచించుకుపోతున్నా, మింగడానికి భయపడి ఉక్కిరిబిక్కిరవుతున్నా, బరువు పెరగడం ఆగిపోయినా డాక్టరుకు చూపించాలి. ఇలాంటి తీవ్రమైన నిరాకరణను 2013 నుంచి మానసిక వైద్య గ్రంథాలు ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నాయి. అంగన్‌వాడీలో రాసిన బరువు కార్డు వెంట తీసుకెళ్లండి, మాటల కంటే అందులోని బరువు గీత ఎక్కువ చెబుతుంది.

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న విషయం ఇంకొకటుంది, బాలింత పథ్యం. చాలా ఇళ్లలో బాలింతకు నెలల తరబడి కారప్పొడి, నెయ్యి, వేపుడు ముక్కలే. ఆకుకూర వద్దు, బీరకాయ చలువ, కాకరకాయ తింటే పాలు చేదెక్కుతాయి. తల్లి ఒంటికి ఇది చేసే నష్టం అందరం చెబుతాం. బిడ్డ నాలుకకు జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. తల్లి తిన్నదాని వాసన పాలల్లోకి వస్తుంది. గర్భంలో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి క్యారెట్ రసం తాగితే, ఆ బిడ్డలు ఉగ్గు వయసులో క్యారెట్ రుచిని ఇష్టంగా తీసుకున్నారని మెనెల్లా బృందం 2001లో ప్రచురించింది. అన్నప్రాశన నాడు మొదలవుతుందనుకునే రుచుల పరిచయం అప్పటికే నెలల ముందు మొదలై ఉంటుంది. పథ్యం పేరుతో మనం దాన్ని మూసేస్తున్నాం.

ఒక ఊళ్లో ఒక పెద్దావిడ నాతో గట్టిగానే వాదించింది: "కూరల వాసన పాలకొస్తే పిల్ల తాగుతాదా అమ్మా?" తాగుతుందన్నాను. మీరు కోడలికి రోజూ పెట్టే వెల్లుల్లి కారం వాసన కూడా పాలల్లోకి వస్తోందని, వెల్లుల్లి తిన్న తల్లుల దగ్గర బిడ్డలు ఎక్కువసేపు పాలు చీకారని 1991లోనే తేలిందని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, వెల్లుల్లి తప్పు కానప్పుడు తోటకూర మాత్రం ఏం తప్పు చేసిందని తనే అడిగింది. ఆ మధ్యాహ్నం కోడలికి తోటకూర పప్పు వండింది.