గోడ దాటని వైఫై!

కొత్త స్మార్ట్ టీవీ వచ్చింది. గోడెక్కింది. పక్కింటివాళ్లూ వచ్చి చూసి వెళ్లారు. తీరా చూస్తే తెరమీద చక్రం గిరగిరా తిరుగుతోందే తప్ప సినిమా కదలదు! షాపుకి ఫోన్ చేస్తే ‘నెట్ వాళ్లని అడగండి’ అంటారు. నెట్ వాళ్లేమో ‘మా లైను బాగానే ఉంది, టీవీ చూపించుకోండి’ అంటారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. చిక్కంతా మధ్యలో ఉన్న గోడది.

జనగామ జిల్లా జఫర్‌గఢ్‌లో గోడ మందం గురించి వేరే చెప్పాలా... కోట ఉన్న ఊరాయె! పాత పెంకుటిళ్ల మట్టిగోడలూ రాతిగోడలూ ఎండని ఆపినట్టే వైఫైనీ ఆపేస్తాయి. నెట్ తీగ వీధి గదిలోకి వస్తుంది కాబట్టి రూటర్ అక్కడే మేకుకి వేలాడుతుంది. టీవీ మాత్రం లోపలి గదిలో.

ఇప్పటి రూటర్లలో చాలావరకు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలంటే మాత్రం భయం. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదే కానీ దూరం వెళ్తుంది, గోడనీ కాస్త దాటుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో ఒకే ఇంటి వైఫై ఒక్కోసారి రెండు పేర్లతో కనిపించేది అందుకే. రూటర్ ఎదురుగా ఉంటే మొదటిది, మధ్యలో గోడ ఉంటే రెండోది ఎంచుకోవాలి. హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ వేగం చాలు.

అసలు ఈ తంటాలేవీ వద్దనుకుంటే తీగే మేలు. టీవీ వెనక ‘లాన్’ అని రాసి ఉన్న రంధ్రం ఉంటే రూటర్ నుంచి అందులోకి ఓ కేబుల్ లాగితే సరి. రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టే బాధా తప్పుతుంది. నెట్ కలిసిందని చూపిస్తూనే యాప్‌లు తెరుచుకోవడం లేదా? టీవీలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. అవి తప్పితే చాలా యాప్‌లు మొరాయిస్తాయి.

సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపిద్దామంటే లెక్క కుదరదు. హెచ్‌డీ సినిమా గంటకి 3 జీబీ దాకా తాగేస్తుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే విశ్రాంతి కార్డు కూడా పడకముందే ఖాళీ!

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక మిద్దెల మీద యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కేకేసిన తరం ఇప్పుడు రూటర్ జరుపుతూ అదే మాట అడుగుతోంది. తీగ మాత్రం ఊళ్లకి చేరువవుతోంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017లో నెలకి 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ చానెళ్లు కలిపి ఇచ్చి అందరి దృష్టినీ ఆకట్టుకుంది. తెలంగాణ టీ-ఫైబర్ 2024 డిసెంబరులో సంగుపేట, మద్దూరు, అడవి శ్రీరాంపూర్ వంటి ఊళ్లలో ప్రయోగాత్మకంగా మొదలైంది. అక్కడ టీవీ తెరనే కంప్యూటర్‌గా వాడుకునే ఏర్పాటూ చేశారు.

ఇంకో గోడ ఉంది, అది మోసగాళ్లది. టీవీ పనిచేయక ‘కస్టమర్ కేర్’ నంబరు నెట్‌లో వెతికితే నకిలీవీ తగులుతాయి. ‘యాక్టివేషన్ ఫీజు కట్టండి’, ‘ఫోన్‌లో ఈ యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం’ అంటారు. ఆ యాప్‌తో మన ఫోన్ తెర వాళ్లకి కనిపిస్తుంది, ఓటీపీతో సహా! టీవీని వైఫైకి కలపడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. నంబరు కావాలంటే టీవీతో వచ్చిన పుస్తకంలోనే చూసుకోవాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ.