మాత్ర ఒకటే, మందులు రెండు: బీపీ కాంబినేషన్ మాత్రలపై అపోహలు – వాస్తవాలు

డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల సామాన్లలో పచ్చళ్లు, పొడులతో పాటు మందుల సంచి కూడా ఉంటుంది. సందర్శకుల వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. వెంట తెచ్చుకునే మందులు మాత్రం సాధారణంగా 90 రోజులకు సరిపడేదానికి మించకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. నాలుగో నెల వచ్చేసరికి బీపీ మాత్రలు నిండుకుంటాయి. సందర్శకుల బీమా పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులకు చేయించుకునే మామూలు వైద్యం వర్తించదు. దాంతో కొందరు రోజు విడిచి రోజు వేసుకుంటూ సరిపెడతారు. కొందరు తెలిసినవాళ్ల మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. ఇంకొందరు ఇక్కడి డాక్టరు రాసినవీ, ఊరి నుంచి తెచ్చినవీ కలిపి వేసుకుంటారు.

ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లు కూడా ఇలాంటి పొరపాట్లే చేస్తుంటారు. అన్నిటికీ మూలం ఒకటే. మాత్ర పేరు తెలుసు, మాత్ర లోపల ఏముందో తెలియదు. ఒకే బిళ్లలో రెండు మూడు మందులు ఉండే ఈ రోజుల్లో ఆ తెలియకపోవడం ప్రాణం మీదికి తేగలదు. అందుకే తరచూ వినిపించే అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: మొదటిసారే రెండు మందులు రాశారంటే జబ్బు ముదిరినట్టే. ముందు ఒక మందు చూసి, చాలకపోతే దాన్నే పెంచుకుంటూ పోవాలి.

వాస్తవం: బీపీ పెరగడానికి దారులు చాలా ఉన్నాయి. రక్తనాళాలు బిగుసుకోవడం ఒకటి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలవడం ఒకటి, మూత్రపిండాల నుంచి మొదలయ్యే హార్మోన్ల ప్రభావం మరొకటి. ఒక దారి మూస్తే శరీరం ఇంకో దారి వెతుక్కుంటుంది. రెండు మందులు రెండు దారుల్లో అడ్డుపడితే ఒక్కోదాన్ని తక్కువ మోతాదులో వాడినా పని జరుగుతుంది. 42 పరీక్షల ఫలితాలను కలిపి చూసి 2009లో ప్రచురించిన విశ్లేషణలో ఒక విషయం తేలింది. ఒకే మందు మోతాదు రెట్టింపు చేస్తే తగ్గే బీపీ కన్నా, వేరే తరగతి మందును జోడిస్తే తగ్గే బీపీ దాదాపు అయిదు రెట్లు ఎక్కువ.

అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీపీ 130/80కి చేరితేనే అధిక రక్తపోటు కింద లెక్క. 140/90, ఆపైన ఉంటే రెండో దశ. ఈ దశలో రెండు వేర్వేరు తరగతుల మందులతో మొదలుపెట్టాలనీ, వీలైతే రెండూ ఒకే మాత్రలో ఉండాలనీ 2025 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మింగాల్సిన బిళ్లలు తగ్గితే మరిచిపోవడమూ తగ్గుతుంది. బాగా వయసు మళ్లినవాళ్లకూ, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకూ మాత్రం డాక్టర్లు ఒక మందుతో నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు.

అపోహ 2: ఇండియా మాత్ర పేరు వేరు, అమెరికా మాత్ర పేరు వేరు. కాబట్టి రెండూ వేసుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మన ఊళ్లో మాత్రను కంపెనీ పెట్టిన పేరుతో పిలుస్తాం. అమెరికాలో ఫార్మసీ ఇచ్చే సీసా మీద ఎక్కువగా మందు అసలు పేరే ఉంటుంది. ఒక పెద్దాయన హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న మాత్రలో టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. ఇక్కడి డాక్టరు లోసార్టన్–హైడ్రోక్లోరోథయజైడ్ 50–12.5 రాశారు. పేర్లలో పోలిక కనిపించలేదని ఆయన రెండూ వేసుకుంటే ఒకే తరగతికి చెందిన రెండు సార్టన్‌లు లోపలికి వెళ్తాయి. నీటిని బయటికి పంపే మందు రెండింతలవుతుంది. బీపీ మరీ పడిపోవచ్చు, సోడియం తగ్గి మనిషి తికమక పడవచ్చు, తూలి పడిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ఈ చిక్కు తప్పించుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. మందు పేరు చివర ఎలా ముగుస్తుందో చూడండి. ‘ప్రిల్’ అని ముగిసేవి (లిసినోప్రిల్, రామిప్రిల్, బెనజెప్రిల్) ఒక కుటుంబం. ‘సార్టన్’ అని ముగిసేవి (లోసార్టన్, టెల్మిసార్టన్, వల్సార్టన్) మరో కుటుంబం. ‘డిపిన్’ అని ముగిసేవి (అమ్లోడిపిన్, నిఫెడిపిన్) మూడోది. ‘లోల్’ అని ముగిసేవి (అటెనలోల్, మెటోప్రొలోల్) నాలుగోది. ఒకే కుటుంబం నుంచి రెండు మందులు కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి. ప్రిల్, సార్టన్ కూడా కలిపి వేసుకునేవి కావు. 25 వేల మందికి పైగా పాల్గొన్న ‘ఆన్‌టార్గెట్’ పరీక్షలో రామిప్రిల్, టెల్మిసార్టన్ కలిపి ఇస్తే అదనపు మేలేమీ రాలేదు. కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రపిండాల ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఆ ఫలితాలు 2008లోనే వచ్చాయి.

ఇంకో విషయం. ఇండియాలో బాగా వాడే సిల్నిడిపిన్ అమెరికా ఫార్మసీల్లో దొరకదు. మన దగ్గర దొరికే ఎస్-అమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములు మామూలు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో సమానం. అంకె చూసి మనమే లెక్క కట్టుకుంటే మోతాదు తప్పిపోతుంది. ఖాళీ స్ట్రిప్పు పారేయకుండా డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించి, దానికి సరిపోయే ఇక్కడి మందేదో వాళ్లనే తేల్చమనండి.

అపోహ 3: బీపీ నార్మల్‌కి వచ్చింది. ఇక మాత్ర ఆపేయొచ్చు.

వాస్తవం: బీపీ నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర పని చేస్తోంది కాబట్టి. ఆపితే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మళ్లీ పెరుగుతుంది. కొన్ని మందుల విషయంలో ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం. క్లోనిడిన్ ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగసిపడుతుంది. అటెనలోల్ వంటివి హఠాత్తుగా ఆపితే గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఇండియాలో అమ్లోడిపిన్, అటెనలోల్ కలిసిన మాత్ర వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. మాత్రలు అయిపోయాయని వాళ్లు వారం రోజులు ఊరుకుంటే తమకు తెలియకుండానే అటెనలోల్ ఆపేసినట్టు. అందుకే స్టాకు మూడు వారాలకు తగ్గకముందే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, రోజూ నడిచేవాళ్లకు మందు తగ్గించే అవకాశం నిజంగానే ఉంది. ఎప్పుడు, ఎంత తగ్గించాలో ఇంటి దగ్గర రాసుకున్న బీపీ అంకెలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. పరగడుపున రక్తపరీక్ష ఉన్న రోజున కూడా, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, బీపీ మాత్రను నీళ్లతో వేసుకోవచ్చు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు వేసుకోకూడదు.

అపోహ 4: చీటీ లేకుండా అమ్ముతున్నారంటే అది ఎవరికైనా సురక్షితమే.

వాస్తవం: మోకాళ్ల నొప్పులకు వాల్‌మార్ట్‌లోనో కాస్ట్‌కోలోనో కొనే అడ్విల్‌లో ఐబుప్రొఫెన్, అలీవ్‌లో నాప్రాక్సెన్ ఉంటాయి. ఈ మందులు ఒంట్లో ఉప్పు నిలిచేలా చేసి బీపీని పెంచుతాయి. బీపీ మాత్రలో ప్రిల్ లేదా సార్టన్‌తో పాటు నీటిని బయటికి పంపే మందు కూడా ఉండి, దాని మీద ఈ నొప్పి మాత్ర పడితే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచీ భారం పడుతుంది. వయసు మళ్లినవాళ్లకూ, వాంతులూ విరేచనాలతో నీరసించినవాళ్లకూ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నొప్పికి టైలెనాల్ మేలు. అది మనకు తెలిసిన పారాసెటమాలే. అదైనా అవసరమైనంత వరకే వాడాలి.

జలుబు మందుల పేరు చివర ‘డి’ అక్షరం ఉంటే అందులో ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ ఉన్నట్టు. ముక్కులో రక్తనాళాలను బిగించినట్టే అది ఒళ్లంతా బిగిస్తుంది, బీపీ పెరుగుతుంది. కొనేముందు ‘నాకు బీపీ ఉంది, ఇది వాడొచ్చా?’ అని కౌంటరు దగ్గర ఉన్న ఫార్మసిస్టును అడగండి. ఆ సలహాకు డబ్బు కట్టనక్కర్లేదు.

అపోహ 5: సోడియం తగ్గించిన ఉప్పు ఎంత తిన్నా ఫరవాలేదు.

వాస్తవం: ఉప్పుకు బదులుగా అమ్మే పొడుల్లో సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. చాలామందికి అది మేలే. చైనాలోని 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో అలాంటి ఉప్పు వాడినవాళ్లకు పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లనూ, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే నీటి మాత్రలు వాడేవాళ్లనూ ఆ పరీక్షలో చేర్చుకోలేదు. ప్రిల్, సార్టన్ మందులు సైతం రక్తంలో పొటాషియాన్ని కొంత పెంచుతాయి. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కాబట్టి ఈ ఉప్పుకు మారేముందు డాక్టరుతో చెప్పి, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. మామూలు ఉప్పయితే ఒక చెంచాలోనే దాదాపు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి పెద్దవాళ్లకు చెప్పే హద్దు కూడా అంతే. ఆవకాయ ముద్దలు లెక్కపెట్టుకోవడం దగ్గర మొదలుపెట్టినా మంచిదే.

అపోహ 6: మూలికలు ప్రకృతి ఇచ్చినవి. బీపీ మాత్రతో కలిపి వాడినా నష్టం లేదు.

వాస్తవం: మూలికల్లో మందు గుణం ఉంది కాబట్టే జాగ్రత్త అవసరం. సర్పగంధి వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. ఆ వేరు నుంచి 1952లో రిసెర్పిన్‌ను వేరుచేశారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో 143 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1967లో వచ్చాయి. అందులో ఇచ్చినవి మూడు మందులు: హైడ్రోక్లోరోథయజైడ్, హైడ్రలజైన్, మన సర్పగంధి నుంచి వచ్చిన రిసెర్పిన్. మందు లేని మాత్రలు తీసుకున్నవాళ్లలో 27 మందికి తీవ్రమైన ఆపదలు వస్తే, మందులు తీసుకున్నవాళ్లలో ఇద్దరికే వచ్చాయి. బీపీకి వైద్యం చేస్తే ప్రాణాలు నిలుస్తాయని గట్టిగా చూపిన తొలి పరీక్షల్లో ఇదొకటి. అది కాంబినేషన్ వైద్యం కావడం గమనించాలి.

అంత బలమున్న వేరును పొడి కొట్టి, ఎంత మోతాదో తెలియకుండా, డాక్టరు రాసిన మాత్ర మీద వేసుకుంటే బీపీ ఎక్కడికి పడిపోతుందో ఎవరూ చెప్పలేరు. దగ్గుకు చప్పరించే అతిమధురం ఇందుకు విరుద్ధం. ఎక్కువ రోజులు వాడితే ఉప్పును నిలిపి బీపీని పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. వాడుతున్న చూర్ణాలు, కషాయాల పేర్లు కూడా డాక్టరుకు చెప్పాలి. దాచడానికి అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అపోహ 7: బీపీ మాత్ర రాత్రిపూట వేసుకుంటేనే పనిచేస్తుంది.

వాస్తవం: బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఉదయం వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా కనిపించలేదు. మీకు గుర్తుండే వేళే మంచి వేళ. నీటి మందు కలిసిన మాత్రను ఉదయం వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

అపోహ 8: మాత్ర రీకాల్ అయిందని వార్త వస్తే వెంటనే చెత్తబుట్టలో వేయాలి.

వాస్తవం: 2018 జులైలో చైనాలోని ఒక కర్మాగారంలో తయారైన వల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్‌కు దారితీయగల మలినం బయటపడి రీకాల్ మొదలైంది. తర్వాత లోసార్టన్, ఇర్బెసార్టన్‌లలో కొన్ని బ్యాచ్‌లకూ పాకింది. అప్పుడు ఎఫ్‌డీఏ చెప్పిన మాట గుర్తుంచుకోవాలి: బదులు మందు చేతికి వచ్చేదాకా వేసుకుంటూ ఉండండి. ఆ మలినమున్న మాత్రను పూర్తి మోతాదులో 8,000 మంది నాలుగేళ్లు వాడితే, వాళ్ల జీవితకాలంలో అదనంగా ఒకరికి క్యాన్సర్ రావచ్చని ఆ సంస్థ అంచనా. బీపీ మందు హఠాత్తుగా మానేస్తే ముప్పు అన్నేళ్లు ఆగదు. ముందు ఫార్మసీకి ఫోన్ చేసి, మీ సీసా బ్యాచ్ రీకాల్‌లో ఉందో లేదో కనుక్కోండి.

అపోహ 9: కాళ్ల వాపు, పొడిదగ్గు వయసు వల్ల వచ్చేవి. మందుకు సంబంధం లేదు.

వాస్తవం: అమ్లోడిపిన్ వల్ల చీలమండల దగ్గర వాపు రావచ్చు. దానికి సార్టన్ గాని ప్రిల్ గాని జోడిస్తే ఆ వాపు తగ్గుతుంది. కాంబినేషన్‌లో ఉన్న మరో మేలు ఇది. ప్రిల్ మందులు కొందరికి వదలని పొడిదగ్గు తెస్తాయి. డాక్టరుకు చెబితే సార్టన్‌కు మారుస్తారు. ప్రిల్ వాడేవాళ్లకు పెదవులు, నాలుక, ముఖం వాస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయాలి. ఎన్నో నెలలుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నా ఇది రావచ్చు. గర్భం దాల్చాలనుకునే ఆడపిల్లలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ప్రిల్, సార్టన్ మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి.

ఇంతా చదివాక ఈ రోజే చేయగల పని ఒకటుంది. ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే ప్రతి మాత్ర పక్కన దాని లోపలి మందుల పేర్లు, మిల్లీగ్రాములు, ఎందుకు వేసుకుంటున్నారో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఒక ప్రతి వాళ్ల పర్సులో, ఒక ప్రతి మీ ఫోన్‌లో ఉంచండి. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివాళ్లకు దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని అడగండి. పొరపాటున రెండు డోసులు వేసుకుంటే, ఏ వేళైనా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయవచ్చు.

ఆ కాగితం రాసేటప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ బిళ్లలో ఏముందో ఆమె చేతే చదివించండి. ఆరు నెలలు గడిచి ఆమె తిరిగి విమానం ఎక్కినా, తన మందేమిటో తనకు తెలిసే ఉంటుంది.