ముందు లారీ – వెనుక తుఫాను

మా బడిలో పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మే నెలలో ఒకనాడు తెల్లవారుజామున నాకు ఫోను చేశాడు. మనకు తెల్లవారుతుంటే వాళ్లకు సాయంత్రం కదా!

"మాస్టారూ, ఇందాక కారులో వస్తుంటే మీరు చెప్పిన సాపేక్ష వేగం పాఠం గుర్తుకొచ్చింది" అన్నాడు. గొంతులో ఇంకా వణుకు తగ్గలేదు.

సంగతేమిటంటే, సెలవు రోజున స్నేహితుడి ఇంటికి వెళ్లి తిరిగి వస్తున్నాడట. వెనుక పడమటి ఆకాశంలో కొండంత మేఘం లేచింది. రేడియోలో టోర్నడో హెచ్చరిక చెబుతున్నారు. వాడున్నది ఇరుకు రోడ్డు. పోవడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస, అంతే. ముందు ఎండుగడ్డి కట్టలు వేసుకున్న పొడవాటి లారీ ఒకటి నింపాదిగా పోతున్నది. వెనుక మేఘం తరుముకు వస్తున్నది. లారీని దాటాలా, వద్దా?

వాడేం చేశాడో చివర చెబుతాను. ముందు ఆ లెక్క మనం చేసి చూద్దాం.

టోర్నడో అంటే ఏమిటి?

ఎండాకాలంలో మన పొలాల్లో దుమ్మూ, ఎండుటాకులూ లేపుకుంటూ తిరిగే సుడిగాలిని మీరంతా చూసే ఉంటారు. టోర్నడోకు దానితో ఆకారంలోనే పోలిక, పుట్టుకలో కాదు. మన సుడిగాలి వేడెక్కిన నేల మీద పుడుతుంది. పైన మేఘం ఉండనక్కరలేదు. టోర్నడో పెద్ద ఉరుముల మేఘాన్ని ఆశ్రయించి పుడుతుంది. ఆ మేఘంలో పైకి లేచే గాలి మొత్తం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు నేల దాకా అందితే అదే టోర్నడో. అమెరికా నడుమనున్న టెక్సాస్, ఓక్లహోమా, కాన్సాస్ మైదానాలలో వసంతకాలంలో ఇవి ఎక్కువ. మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన డల్లాస్ నగరం కూడా ఆ ప్రాంతంలోనిదే. మీలో కొందరి అన్నలూ, అక్కలూ అక్కడే ఉండవచ్చు.

దాటడానికి ఎంత చోటు కావాలి?

లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. అంటే సెకనుకు 15 మీటర్లు. మన కారు వేగం గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. లారీతో పోలిస్తే మన సాపేక్ష వేగం 25 – 15 = 10 మీటర్లు మాత్రమే.

ఇప్పుడు దూరం చూడండి. లారీకి 30 మీటర్లు వెనుకనుండి మొదలుపెట్టాలి. లారీ పొడవు 15 మీటర్లు, మన కారు పొడవు 5 మీటర్లు. దాటాక మళ్లీ మన వరుసలోకి రావడానికి లారీ ముందు మరో 30 మీటర్లు. మొత్తం 80 మీటర్లు. సెకనుకు 10 మీటర్ల చొప్పున దీనికి 8 సెకన్లు పడుతుంది.

"ఎనిమిది సెకన్లేనా!" అనకండి. ఆ 8 సెకన్లలో మన కారు రోడ్డు మీద 25 × 8 = 200 మీటర్లు పోతుంది. ఎదుటినుండి అంతే వేగంతో మరో కారు వస్తుంటే అదీ 200 మీటర్లు వస్తుంది. అంచేత కనీసం 400 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడితేనే దాటాలి. ఇది మొదటినుండీ 90 వేగంతోనే ఉన్నామనుకొని వేసిన లెక్క. లారీ వెనుక 54 వేగంతో నడుస్తూ, అక్కడినుండి వేగం పెంచుకుంటూ దాటాలంటే ఇంకా ఎక్కువ కావాలి.

జోరువానలో 100 మీటర్లు కనబడితే గొప్ప. తడిసిన రోడ్డు మీద చక్రాలకు పట్టు తగ్గి, బ్రేకు వేసినా కారు పొడి రోడ్డు మీద కన్న చాలా దూరం పోయి ఆగుతుంది. కనబడని చోటికి కారు తోలడమంటే, కళ్లకు గంతలు కట్టుకొని నూతిగట్టు మీద నడవడమే!

దాటితే ఎంత మిగులుతుంది?

మనం చేరవలసిన ఊరు 9 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లారీ వెనుకనే పోతే 10 నిమిషాలు. దాటి 90 వేగంతో పోతే 6 నిమిషాలు. మిగిలేది 4 నిమిషాలు. అంటే నాలుగు నిమిషాలు ముందుగా బయలుదేరినవాడు, ప్రాణాలకు తెగించి లారీని దాటినవాడు ఒకేసారి ఊరు చేరతారన్నమాట! తెగింపుతో సంపాదించేదాన్ని తెలివిగలవాడు ముందుచూపుతో ఉచితంగా సంపాదిస్తాడు.

ఎటు పోవాలి?

ఇంకో లెక్క. టోర్నడో మనకు 12 కిలోమీటర్లు వెనుక ఉంది. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో సూటిగా మనవైపే వస్తున్నది. అది పోయే దిక్కునే మనమూ లారీ వెనుక 54 వేగంతో పరుగెత్తితే గంటకు 6 కిలోమీటర్ల చొప్పున మాత్రమే దూరం పెరుగుతుంది. దారిలో ఒక చెట్టు పడినా, ఒక కారు ఆగినా మన పని ముగిసినట్లే.

అలాకాక, దాని దారికి లంబంగా, అంటే సమకోణంలో, పక్క రోడ్డు పట్టామనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల నత్తనడక అయినా సరే, అది మన పాత చోటికి రావడానికి పట్టే 15 నిమిషాలలో మనం 9 కిలోమీటర్లు పక్కకు పోయి ఉంటాం. ముందున్న నెమ్మది వాహనం మనకు అడ్డం కాదు, దాని వెనుకనే పోవాలనుకునే మన పట్టుదలే అడ్డం.

ఓక్లహోమా పల్లెలలో ఇందుకొక సదుపాయం ఉంది. చాలాచోట్ల రోడ్లు చదరంగపు గళ్లలా మైలుకొకటి చొప్పున, అంటే 1.6 కిలోమీటర్లకు ఒకటిగా వేసి ఉంటాయి. అక్కడి టోర్నడోలు ఎక్కువగా నైరుతినుండి ఈశాన్యానికి పోతాయి. అంచేత మామూలుగా దక్షిణానికో, ఆగ్నేయానికో తప్పుకోవడం మేలంటారు. అయితే మట్టి రోడ్లు వానకు బురదై చక్రాలు దిగబడతాయి. పక్కదారి దొరికితే చాలదు, అది గట్టి దారి అయి ఉండాలి.

వేల కార్లు ఒకేసారి బయలుదేరితే?

ఒక కారు వెనుక ఒకటి 2 సెకన్ల ఎడంతో పోతుంటే ఒక వరుసలో గంటకు 3600 ÷ 2 = 1800 కార్లు పోగలవు. వానలో ఎడం 4 సెకన్లకు పెంచితే 900 మాత్రమే. ఒకే వైపుకు రెండు వరుసలున్న రోడ్డు మీదికి 10,000 కార్లు వచ్చాయనుకోండి. వాన లేకపోయినా అన్నీ పోవడానికి దాదాపు 3 గంటలు పడుతుంది. కారు ఎంత మంచిదైనా ఆ రోజున దాని వేగం మీటరు మీద ఉండదు, రోడ్డు మీద ఉంటుంది.

పైగా రోడ్డు నిండుగా ఉన్నప్పుడు ఏ అడ్డమూ లేకుండానే వాహనాలు ఆగిపోతాయి! జపాను శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన ఒక ప్రయోగంలో 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను నడిపించారు. అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవాలని చెప్పారు. కాసేపు సాఫీగా సాగింది. తరువాత ఎవరో కొద్దిగా బ్రేకు వేశారు. వెనుకవాడు మరికాస్త గట్టిగా, వాడి వెనుకవాడు ఇంకా గట్టిగా వేశాడు. చివరకు కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగుడు ఒక అలలాగా గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కు పాకింది. ముందువాడి తోకకు అంటుకొని హారను కొట్టేవాడు జామును విడదీయడు, పెంచుతాడు.

2013 మే 31

ఈ లెక్కలు కాగితం మీదివే అనుకోకండి. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణాన్ని ఒక టోర్నడో నేలమట్టం చేసి 24 మందిని చంపింది. ఆ భయం ఇంకా చల్లారలేదు. 11 రోజులు తిరక్కుండానే, మే 31 సాయంకాలం, ఎల్ రీనో అనే ఊరి దగ్గర మరో టోర్నడో పుట్టింది. ఓక్లహోమా నగరంలో వేలాదిమంది ఇళ్లు వదిలి కార్లెక్కారు. పెద్ద రోడ్లన్నీ కిక్కిరిసి, కార్లు కదలక నిలిచిపోయాయి.

ఆ టోర్నడో వెడల్పు ఒక దశలో 4.2 కిలోమీటర్లకు పెరిగింది. అంత వెడల్పయినది అంతకుముందు ఎవరూ కొలవలేదు. మొదట ఆగ్నేయంగా నడిచింది. తరువాత తూర్పుకు, ఈశాన్యానికి తిరిగి, వేగమూ వెడల్పూ ఒక్కసారిగా పెంచుకుంది. అది నేలమీద ఉన్న 40 నిమిషాలలో 8 మంది చనిపోయారు. ఆ ఎనిమిదిమందీ వాహనాలలో ఉన్నవారే.

వారిలో టిమ్ సమరస్ అనే ప్రఖ్యాత పరిశోధకుడు, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ కూడా ఉన్నారు. 2003 జూన్ 24న దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక టోర్నడో దారిలో పరికరం పెట్టి, దాని నడుమ గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని నమోదు చేసిన ఘనుడాయన. ఎంతో జాగ్రత్తపరుడని పేరు. అంతటివాడికే తప్పుకొనే వ్యవధి చాలలేదు.

అదృష్టవశాత్తు కార్లతో కిక్కిరిసిన నగరపు రోడ్లను చేరకముందే ఆ టోర్నడో అణగిపోయింది. చేరి ఉంటే?

అంతకు చాలాముందు, 1979 ఏప్రిల్ 10న టెక్సాస్‌లోని విచిటా ఫాల్స్ పట్టణంలో 42 మంది చనిపోతే, వారిలో 25 మంది వాహనాల సంబంధంగా చనిపోయినవారే. తప్పించుకుందామని ఇళ్లు వదిలి కార్లెక్కిన 16 మంది అందులో ఉన్నారు. ఆ పదహారుమందిలో 11 మంది ఇళ్లకు పెద్ద దెబ్బేమీ తగలలేదు! ఇంట్లోనే ఉంటే వాళ్లు బతికేవారేమో.

వంతెన కింద ఆగవచ్చునా?

రోడ్డు మీది వంతెన కింద కారు ఆపి దాక్కోవడం కొందరి అలవాటు. ఇది రెండు విధాల తప్పు. ఇరుకు సందులో దూరిన గాలి ఇంకా జోరందుకుంటుంది. రేకులూ, కర్రలూ, రాళ్లూ ఆ సందులోకే దూసుకు వస్తాయి. 1999 మే 3న ఓక్లహోమాలో ఇలా వంతెనల కింద దాగినవారిలో ముగ్గురు మరణించారు. రెండో తప్పు, అలా ఆపిన కార్లు రోడ్డును మూసేస్తాయి. వెనుక వచ్చేవాళ్లు టోర్నడో దారిలో చిక్కుకుపోతారు. ఫోటోల కోసం రోడ్డు మధ్యలో కారు ఆపేవాళ్లు చేసేదీ ఇదే అపకారం.

మరి ఏం చేయాలి?

తుఫాను సూచన ఉన్న రోజున ప్రయాణం మానడం అన్నిటికన్నా మేలు. దారిలో ఉంటే, ముందున్న అతి నెమ్మది వాహనం వేగాన్నే మన వేగంగా లెక్కవేసుకోవాలి. రెండో దారి ఏదో ముందే చూసి ఉంచుకోవాలి. ముందు వాహనానికి 4 సెకన్ల ఎడం ఉండాలి. ఆ ఎడం ఆగడానికే కాదు, పక్కకు తిరగడానికీ పనికొస్తుంది. హారనుతో, లైట్లతో ముందువాడిని తరమకూడదు. అతనికి మనకన్నా దారి బాగా కనబడుతూ ఉండవచ్చు.

దగ్గరలో గట్టి కట్టడం ఉంటే అందులోకి పోవాలి. కిటికీలు లేని లోపలి గది, అన్నిటికంటే కింది అంతస్తు మంచివి. ఏదీ దొరకక టోర్నడో మీదికే వస్తుంటే రెండే మార్గాలంటారు అక్కడి వాతావరణ శాఖవారు. కారులో బెల్టు పెట్టుకొని, తల కిటికీల కన్న కిందికి వంచి చేతులతో కప్పుకోవడం ఒకటి. రోడ్డు కన్న బాగా లోతైన పల్లం ఉంటే దిగి అందులో బోర్లా పడుకోవడం రెండోది. రెండూ చివరి మార్గాలే, మంచి మార్గాలు కావు.

మనకు తెలిసిన సూత్రమే ఇది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన తరువాత మన కోస్తా గ్రామాలలో తుఫాను రక్షణ కేంద్రాలు కట్టారు. ఎందుకు? అందరినీ ఆఖరి గంటలో దూరపు రోడ్డెక్కించడం కన్న, నడిచిపోగల దూరంలో గట్టి నీడ ఉండటం మేలు కనుక.

ఇక మా కుర్రవాడి సంగతి. వాడు లారీని దాటలేదు. వెనుకనే ఓపికగా పోయి, మొదటి కూడలిలో దక్షిణంగా తారురోడ్డు మీదికి తిరిగాడు. 5 కిలోమీటర్లలో ఒక ఊరు తగిలింది. పెట్రోలు బంకు పక్కనున్న గట్టి దుకాణంలో తలదాచుకున్నాడు. నిమ్మకాయలంత వడగళ్లు పడి కారు అద్దం పగిలింది. అంతటితో గడిచింది.

"బాగానే చేశావురా. ఇంతకూ బయలుదేరడం ఆలస్యమెందుకైంది?" అని అడిగాను.

కాసేపు మాట లేదు. తరువాత, "మేఘం బాగుందని ఇరవై నిమిషాలు ఫోటోలు తీసుకుంటూ నిలబడ్డాను మాస్టారూ" అన్నాడు.

చూశారా! నాలుగు నిమిషాల కోసం లారీతో పోటీ పడాలనిపించిన మనిషే అంతకుముందు ఇరవై నిమిషాలు చేజార్చుకున్నాడు.

మీరు చేయండి: పెద్దవాళ్లతో కలిసి మీ ఊరి పెద్ద రోడ్డుకు దూరంగా, అపాయం లేని చోట నిలబడి, 10 నిమిషాలలో ఒకవైపు పోయే వాహనాలెన్నో లెక్కపెట్టండి. దానిని 6తో హెచ్చవేస్తే గంట లెక్క వస్తుంది. మీ ఊరివాళ్లంతా ఒకేసారి వాహనాలెక్కితే ఆ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో కట్టి చూడండి. వచ్చిన జవాబును ఇంట్లో అందరికీ చెప్పండి.